ఉగ్గుగిన్నె, పాలడబ్బా

అన్నప్రాశనము మన యిండ్లలో పండుగయే కాని, మరునాఁటినుండి ఆ బిడ్డకేమి పెట్టవలెనను విచారము చాల చోట్ల ఆ పండుగతోడనే ముగియుచున్నది. ఆఱు మాసములు నిండువఱకు తల్లిపాలే చాలుననియు, అటుపిమ్మట, పుట్టుకతో వచ్చిన యినుము నిల్వలు తఱిగిపోవుటచేత, మెత్తని ఆహారము తప్పదనియు, రెండేండ్లు నిండువఱకు, తల్లీబిడ్డల యిష్టముకొలఁది ఆపైనను, చనుబాలు సాగవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆడపిల్లకు అయిదవ మాసముననే ముద్ద పెట్టు ఆచారము కొన్ని కుటుంబములలో నున్నది. జీర్ణకోశమునకు ఆ భేదము తెలియదు.

పప్పుకట్టువలె జాఱిపోవు ఆహారము కడుపు నింపునే గాని బలమీయదు. వేయించి విసరిన బియ్యము, పెసరపప్పుల పిండిని చెంచానుండి జాఱనంత చిక్కగా నుడికించి, నేతిబొట్టు కలిపి, తొలుత రెండు మూఁడు చెంచాలతో నారంభించి క్రమముగా పెంచుట మేలు. గ్రుడ్డు, ఆకుకూర కొలఁది దినములలోనే చేరవచ్చును. తేనె మాత్రము ఏఁడాది నిండువఱకు నాలుకకు రాయరాదు.

డబ్బాపాలు నిజముగా అవసరమైన తల్లులు కలరు. వారిని నిందించుట అన్యాయము. కాని డబ్బా నిండుకొనునను భయమున నీళ్లు హెచ్చుగా కలుపుట బిడ్డను పస్తుపెట్టుటయే. 1992 నాఁటి చట్టము, 2003 సవరణతో, ఈ పాలపొడులకును పాలసీసాలకును ప్రకటనలను నిషేధించినది. అయినను ‘నీకు పాలు చాలవమ్మా’ యను ఇరుగుపొరుగుల మాట ఏ ప్రకటనకును తీసిపోకుండ పనిచేయుచున్నది. చాలుచున్నవో లేదో తెలిసికొనుటకు దినమున తడిసిన గుడ్డల లెక్కయు, అంగన్‌వాడీ త్రాసును ఉన్నవి.