కౌమార పాఠకులు, క్షుద్రముద్ర: తెలుగు విమర్శ దాటవేసిన ప్రశ్న

తెలుగు విమర్శకు ఇద్దరే పాఠకులు తెలుసు. ఒకరు పిల్లలు, మరొకరు పెద్దలు. పదమూడేళ్లు నిండి పద్దెనిమిది నిండని వారికి మన సాహిత్య చరిత్రల్లో అధ్యాయం లేదు, విమర్శ పరిభాషలో స్థిరపడిన పేరూ లేదు. కౌమారం అన్న మాట వైద్య, మనస్తత్వ శాస్త్ర గ్రంథాల్లో కనబడినంతగా సాహిత్య వ్యాసాల్లో కనబడదు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాన్ని, 2011 నుంచి యువ పురస్కారాన్ని ఇస్తున్నది. రెండవదానిలోని 'యువ' అన్న విశేషణం రచయిత వయస్సుకు సంబంధించినది. ముప్పై అయిదేళ్లు దాటనివారికి ఇచ్చే గుర్తింపు అది. చదివేవారి యౌవనాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అయితే ఆ వయస్సువారు చదవడం మానలేదు. వారు ఎక్కువగా చదివేవి, వినేవి, చూసేవి రెండు రకాలు: పురాణేతిహాసాల పునఃకథనాలు, అతీతశక్తుల ధారావాహికలు. ఈ రెండింటినీ మన విశ్వవిద్యాలయ విమర్శ రెండు మాటలతో తోసిపుచ్చుతూ వచ్చింది. మొదటిదాన్ని 'అనుకరణ' అన్నది, రెండవదాన్ని 'క్షుద్ర సాహిత్యం' అన్నది. ఈ రెండు మాటలూ విమర్శ చేయవలసిన పనిని ఎగవేయడానికే ఉపయోగపడ్డాయన్నది నా అభియోగం. ఏ పునఃకథనం మంచిదో, ఏ మాయ హానికరమో చెప్పే కొలమానం మనకు లేకపోవడానికి ఈ ఎగవేతే కారణం.

పునఃకథనం సంగతి ముందు చూద్దాం. నన్నయతో మొదలైన సాహిత్యానికి వారసులమని చెప్పుకొనేవారు పునఃకథనాన్ని చిన్నచూపు చూడడం కంటె విడ్డూరం లేదు. మన ప్రథమ మహాకావ్యమే పునఃకథనం. రంగనాథ రామాయణం వాల్మీకంలో లేని కథలను నిస్సంకోచంగా కలుపుకొన్నది. మన స్త్రీల రామాయణపు పాటలు మరింత ముందుకు వెళ్లాయి. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్ల తరువాత వచ్చి తట్టిలేపిన భర్తను ఊర్మిళ గుర్తుపట్టదు, పరపురుషుడనుకొని భయపడుతుంది. వనవాసానికి వెళ్లినవారి కష్టాన్ని పాడుకొన్న లోకానికి ఇంట్లో మిగిలిపోయిన అమ్మాయి సంగతేమిటన్న ప్రశ్న ఈ పాట వల్లనే అందింది. ఈ పాటలు స్త్రీలు తమ కోసం నిర్మించుకొన్న రామాయణమని వెల్చేరు నారాయణరావు ఎన్నడో నిరూపించారు. ఊర్మిళ పెళ్లినాటి వయస్సును తలచుకొంటే ఆమె కథ ఎవరికి చెప్పవలసినదో వేరే వివరించనక్కరలేదు.

కాబట్టి పునఃకథనానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మూలకథ అడగకుండా వదిలిన ప్రశ్నను అది అడుగుతున్నదా, లేదా? ఓల్గా 'విముక్త' ఆ పరీక్షకు నిలుస్తుంది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతకు ఎదురుపడే ఆ కథలకు 2015లో అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తరువాత అది స్త్రీవాద సాహిత్యమన్న అరలో చేరిపోయింది. నా దృష్టిలో అది పదహారేళ్ల అమ్మాయి చేతిలో ఉండవలసిన పుస్తకం. భాష సరళం, నిడివి చిన్నది. ఎదుటి స్త్రీ అనుభవాన్ని విని తన జీవితాన్ని తిరిగి చూసుకోవడమే అందులో కథ. ఆ వయస్సులో జరిగే పని కూడా అదే.

ఇప్పుడు అంగట్లో దొరికే పునఃకథనాల్లో అధిక భాగం ఈ పరీక్షలో తప్పుతాయి. ఒక వర్గం పురాణాన్ని మరచిపోయిన విజ్ఞానశాస్త్రంగా చూపుతుంది. అస్త్రాలు ఆయుధ పరిజ్ఞానం అవుతాయి, విమానాలు నిజంగా విమానాలు అవుతాయి. మరో వర్గం దేవతలను చారిత్రక పురుషులుగా మారుస్తుంది. 2010లో ఆంగ్లంలో మొదలైన అమీష్ శివత్రయం ఈ రెండవ దారికి దేశవ్యాప్తంగా గిరాకీ తెచ్చింది. చరిత్ర అనగానే పాఠకుడు నమ్మవలసి వస్తుంది, కథ అంటే ఆలోచించడానికి వీలుంటుంది. ఈ తేడాను పసిగట్టే శక్తి అప్పుడప్పుడే అలవడుతున్న వయస్సువారి చేతికి ఇలాంటివి ఇచ్చి, వాటి గురించి ఒక్క సమీక్ష కూడా రాయకపోవడం మన బాధ్యతారాహిత్యం. వాణిజ్య నవల మన పరిధి కాదని అనుకొనేవారు ఉన్నారు. పరిధి గీసుకొన్నది మనమే కదా.

సినిమాను ఈ చర్చలోకి తేక తప్పదు; నేటి కౌమారులకు పురాణం ముందుగా అందేది అక్కడే. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామ ఒక గర్భిణికి కాపలాదారు. తిక్కన తెనిగించిన సౌప్తిక పర్వం చదివినవారికి ఈ మార్పు బరువు వెంటనే తెలుస్తుంది. ఉత్తర గర్భంపైకి అస్త్రాన్ని మళ్లించినవాడే మరొక గర్భాన్ని కాపాడడానికి యుగాల పాటు బతికి ఉండడమంటే, చేసిన పాపానికి శిక్ష సరిపోతుందా, ప్రాయశ్చిత్తం కూడా కావాలా అని అడగడమే. ఈ ఊహ ఒక గొప్ప కావ్యానికి సరిపోతుంది. చిత్రం దాన్ని వాహనాల వెంటాటలో చాలావరకు పోగొట్టుకొన్నదన్నది నా అభిప్రాయం. అయినా ఆ ప్రశ్న అక్కడ ఉంది. దాన్ని ఎత్తి చూపి, సౌప్తిక పర్వాన్ని పక్కన పెట్టి చదివించే అధ్యాపకుడు లేడు, లోపం అక్కడిది.

నేను నివసించే బోరబండ ఈ విషయంలో చక్కని పరిశీలనాస్థలం. సనత్‌నగర్ కర్మాగారాలకూ అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకూ నడుమ, తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే సందులో వినిపించే బస్తీ ఇది. అమీర్‌పేట కాలిబాటల మీద అమ్మకానికి ఉండేవి పోటీ పరీక్షల పుస్తకాలు, కంప్యూటరు పాఠాల నకళ్లు. కథల పుస్తకం కావాలనుకొన్న విద్యార్థి ఆదివారం కోఠి, ఆబిడ్స్ దాకా వెళ్లాలి. అక్కడ అతని వయస్సుకు తగినట్లుగా దొరికేది చాలావరకు ఆంగ్లమే. రోషనీ చోక్షీ అమెరికాలో రాసి 2018లో ప్రచురించిన అరూ షా కథలో పాండవుల అంశతో పుట్టిన నేటి బాలికలు కనిపిస్తారు. భీముణ్ణి, అర్జునుణ్ణి ఒక తెలుగు పిల్లవాడు అట్లాంటా నగరపు మ్యూజియం మీదుగా తెలుసుకోవడం తప్పని నేననను. ఆ దారి తప్ప మరో దారి లేకపోవడం మాత్రం తెలుగు శాఖలకు తలవంపు.

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో బండి కోసం నిలబడిన కుర్రకారు చెవుల్లో ఏముందో అడిగి చూడండి. పాటలతో పాటు కథలూ ఉంటాయి. ప్రతిలిపిలో చదివేవి, పాకెట్ ఎఫ్‌ఎంలో వినేవి: దయ్యాల కోటలు, పునర్జన్మలు, నాగకన్యలు, శాపగ్రస్త వంశాలు. తెలుగు చదవడం సరిగా రాని పిల్లలు సైతం తెలుగు కథ వింటున్నారన్న సంగతిని భాషాభిమానులు ఎవరూ పట్టించుకొన్నట్లు లేదు. ఈ ధారావాహికల నిర్మాణం పూర్తిగా వాటి ధర మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని భాగాలు ఉచితం. ఆపైన నాణేలు చెల్లించి తాళం తీసుకోవాలి, లేదా వేచి ఉండాలి. అందువల్ల ప్రతి భాగం చివరా తలుపు చప్పుడు కావాలి, తెర వెనుక నీడ కదలాలి. కథ ముగిస్తే రాబడి ఆగుతుంది కనుక వందల భాగాల దాకా ముగింపు రాదు. భయం కథా ప్రయోజనంగా మిగలక తాళంగా మారిపోయింది.

చందమామ ధారావాహిక కూడా ఉత్కంఠ దగ్గరే ఆగేది గదా అని ఎవరైనా అడగవచ్చు. ఆగేది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954 నాటి 'తోకచుక్క' మొదలుకొని 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'పాతాళదుర్గం' మీదుగా 'భల్లూక మాంత్రికుడు' వరకు రాసిన ధారావాహికలను తెలుగు కౌమార సాహిత్యానికి తొలి గ్రంథాలయమని నేను నిస్సందేహంగా అంటాను. వాటిలో కథానాయకులు తరచుగా ఇల్లు విడిచి అడవి పట్టిన యువకులు. రాక్షసుడు ఎదురైతే బుద్ధిబలంతో, స్నేహబలంతో గట్టెక్కుతారు. చిత్రా గీసిన బొమ్మల్లో మొసళ్లకూ ఎలుగులకూ ఉన్న ఠీవి రాజులకు లేదు. నెల రోజులు ఆగడమంటే కథను మిత్రులతో కలిసి ముందుకు ఊహించుకోవడం. నేటి శ్రోత చెల్లించి తప్పించుకొనేది సరిగ్గా ఆ ఊహనే. అన్నిటికంటె ముఖ్యంగా ఆ కథలు ముగిసేవి. అన్నేళ్లు రాసిన ఆ రచయిత పేరు ధారావాహికల మీద అచ్చు కాలేదు. అజ్ఞాతంగా ఉంచింది పత్రిక సంప్రదాయం. ఆ తరువాతి దశాబ్దాల్లోనూ అజ్ఞాతంగానే వదిలేసింది మాత్రం మన పరిశోధన. పత్రికకు దీర్ఘకాలం సారథ్యం వహించిన కొడవటిగంటి కుటుంబరావు కథలపై వచ్చిన సిద్ధాంత గ్రంథాల పక్కన దాసరి అధ్యయనాలను పేర్చి చూస్తే విషయం బోధపడుతుంది.

'క్షుద్ర సాహిత్యం' అన్న మాట 1980ల తొలినాళ్లలో, యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చుట్టూ బలపడింది. ఒక పసిపిల్లపై చేతబడి, దాన్ని ఎదుర్కొనే ప్రయత్నంలో ఒక పక్క మంత్రం, మరో పక్క వైద్యం: ఇదీ వస్తువు. వారపత్రిక పాఠకులు ఊపిరి బిగబట్టి చదివారు. వారిలో పాఠశాల పిల్లలు ఎందరో. విశ్వవిద్యాలయాలు ముక్కు మూసుకొన్నాయి. పంక్తి పంక్తీ చదివి వాదించినది రంగనాయకమ్మ. 1970లలో 'రామాయణ విషవృక్షం'తో పునఃకథనాన్ని పోరాటంగా మార్చిన ఆమెయే, ఆ తరువాత 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకం రాశారు. పురాణాన్నీ, క్షుద్రాన్నీ ఒకే తీవ్రతతో చదివిన విమర్శకురాలు మనకు ఒకరున్నారు. ఆమె ఏ తెలుగు శాఖ ఆచార్యులూ కారు. ఆమె నిర్ధారణలన్నిటితోనూ నేను ఏకీభవించను. విషవృక్షంలో కథకు ఊపిరాడదు. కానీ పిల్లలు చదివేదాన్ని చదవకుండా తీర్పు చెప్పకూడదన్న క్రమశిక్షణ ఆమెది.

తులసిదళంపై అసలు ఆక్షేపణ ఏమై ఉండాలి? మంత్రం ఉందనా? అలాగైతే కాశీమజిలీ కథలనూ, కళాపూర్ణోదయాన్నీ కూడా కట్టకట్టి అటక ఎక్కించాలి. దోషం మాయలో లేదు, మాయకు ఇచ్చిన చిరునామాలో ఉంది. భల్లూక మాంత్రికుడు ఏ మండలంలోనూ కాపురముండడు. అతణ్ణి చూసి ఏ పిల్లవాడూ పొరుగింటి ముసలమ్మను అనుమానించడు. చేతబడి కథ మన ఊళ్లో, మన కాలంలో, మన బంధువుల మధ్య జరుగుతుంది. అనుమానించినవాడిదే నిజమని చివరకు తేలుస్తుంది. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టిచంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి నేటికీ వస్తున్నాయి. అటువంటి సమాజంలో ఈ తేడా అలంకారశాస్త్ర చర్చగా మిగలదు. 2023 నాటి 'విరూపాక్ష' చిత్రం క్షుద్రపూజల నెపంతో ఒక దంపతులను ఊరివారు దహనం చేయడంతో మొదలవుతుంది. ఇంతకంటె సరైన ఆరంభం ఉండదు. ఆ తరువాత మాత్రం మంటల్లో పలికిన శాపం అక్షరాలా ఫలిస్తుంది. శాపం ఫలించిందంటే శక్తి ఉన్నట్లే. శక్తి ఉందంటే కాల్చినవారి భయానికి ఆధారం దొరికినట్లే. దర్శకుడు హత్యను ఖండించదలచుకొన్నాడు, కథ ఆ ఖండనను వెనక్కు తీసుకొన్నది. ఈ పాటి తర్కాన్ని పదవ తరగతి విద్యార్థితో చర్చించవచ్చు. చర్చిస్తే అతడు సినిమా చూడడం మానడు. చూసే తీరు మారుతుంది.

దయ్యాల కథలను బడి నుంచి, గ్రంథాలయం నుంచి బహిష్కరించాలనే హేతువాద మిత్రులతో నాకు పేచీ ఇక్కడే. చిరునామా లేని మాయనూ, చిరునామా ఉన్న మాయనూ వారు ఒకే గాటన కట్టారు. ఫలితంగా మొదటిది కనుమరుగైంది. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. రెండవదానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. హారీ పోటర్ తొలి నవల 'పరుసవేది' పేరుతో తెలుగులోకి వచ్చినప్పుడైనా, మాంత్రికులకూ ఒక బడి, నియమావళి, నైతిక సంక్షోభం ఉండవచ్చునన్న ఊహ మన రచయితలకు పాఠం కావలసింది. దాన్ని విమర్శకులు అనువాదంగా కూడా పరిశీలించలేదు. వినియోగదారులు చూసుకొంటారులే అని వదిలేశారు.

మనకు పరాయి నమూనా అక్కరలేదనడానికి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీలే సాక్ష్యం. మణిసిద్ధుడి వెంట నడిచే గోపకుమారుడు ఉత్తినే రాడు. మజిలీ మజిలీకీ తాను చూసిన వింత సంగతి చెప్పాలన్న షరతు మీద బయలుదేరుతాడు. కథ వినడం అతనికి కూలి, అడగడం అతని హక్కు. బేతాళ కథలది ఇంకా కఠినమైన ఒప్పందం. పాత ఇరవై అయిదు కథలు అయిపోయాక కూడా చందమామ కొత్త కథలను ఆ చట్రంలో బిగించి దశాబ్దాల పాటు నడిపింది. చెట్టు, శవం, శ్మశానం అన్నీ ఉన్నాయి. క్షుద్రమని ఎవరూ అనలేదు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భగ్నమై శవం చెట్టెక్కుతుంది. పన్నెండేళ్ల పాఠకుడు సమాధానం చదివేముందు పేజీ మీద చెయ్యి పెట్టి తన తీర్పు తాను చెప్పుకొనేవాడు.

ఎం.ఏ. స్థాయిలో ఒక ఐచ్ఛిక పత్రానికి ఇంతకంటె పెద్ద ప్రణాళిక నేను కోరను: సౌప్తిక పర్వం, ఊర్మిళాదేవి నిద్ర, కాశీమజిలీల నుంచి ఒక మజిలీ, దాసరి ధారావాహిక ఒకటి, తులసిదళం, దానిపై రంగనాయకమ్మ విమర్శ, విముక్త. వీటికి తోడు ఈ ఏడాది పిల్లలు వింటున్న శ్రవణ ధారావాహిక ఏదైనా ఒకటి. ఎంపిక విద్యార్థులకు వదలాలి. అది ఆచార్యులకు నచ్చకపోవచ్చు. పరీక్షలో ప్రశ్నలు కూడా వారే రాస్తే మరీ మంచిది.