మృదంగానికి పేరుంది, డ్రమ్స్‌కి లేదు

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవగానే శంషాబాద్ చుట్టుపక్కల రిసార్టులూ కన్వెన్షన్ హాళ్లూ ఊపిరి తిప్పుకోలేవు. 2008లో ఇక్కడ విమానాశ్రయం తెరుచుకుంది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డూ వచ్చింది. డాలస్ నుంచో దుబాయి నుంచో దిగే చుట్టాలకు దగ్గర, కార్లు ఆపుకోవడానికి కావలసినంత జాగా. దాంతో నగరంలో సంగీత్ రాత్రులు సగం ఇటు తరలివచ్చాయి. ఆ రాత్రుల్లో వాయించేది ఎక్కువగా కవర్ బ్యాండ్లే. ఇళయరాజా పాటను ఎలక్ట్రిక్ గిటారు మీద ఎత్తుకుని, నడుమ ‘హోటల్ కాలిఫోర్నియా’ సోలో ఒకటి వినిపించి, చివరికి తీన్‌మార్‌లో దిగే ఐదారుగురు. ఈ సీజన్ పోస్టర్లూ ప్రకటనలూ చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది. బ్యాండ్ పేరు ఉంటుంది, ఈవెంట్ సంస్థ పేరు ఉంటుంది, సౌండు ఎవరిదో లైట్లు ఎవరివో ఉంటుంది. వాయించే మనుషుల పేర్లు ఉండవు. ఎవరు ఏ వాద్యం వాయిస్తారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అసలే ఉండదు. పైగా ఒక మాట ప్రచారంలో ఉంది: ‘వీళ్లకు సంగీతం ఎక్కడొచ్చండీ, యూట్యూబ్ చూసి కొట్టేస్తారు’ అని. ఆ మాట అన్యాయమని చెప్పడానికే ఈ వారం శీర్షిక.

మన రాక్ బ్యాండ్లో నలుగురు నిలబడితే నాలుగు బడులు నిలబడినట్టు. కీబోర్డు ముందున్న మనిషి చాలాసార్లు చర్చిలో చేయి తిప్పుకున్నవాడు. సికింద్రాబాద్, లాలాగూడ చర్చిల క్వాయర్లు తరతరాలుగా పిల్లలకు నాలుగు గొంతుల్లో కలిసి పాడటం నేర్పుతున్నాయి. ఒకడు పై స్వరం పట్టుకుంటే మరొకడు కింది స్వరంలో దారి తప్పకుండా నడవాలి. కర్ణాటక సంగీతం నేర్చిన గాయకుడికి సైతం అది సులభంగా రాని విద్య. డ్రమ్స్ వాయించేవాడి చేతుల్లో పెళ్లి బ్యాండ్ మేళం సైడ్ డ్రమ్ము ఉంటుంది, బోనాల డప్పు ఉంటుంది. ఏసీ గార్డ్స్ సిద్దీలూ, విమానాశ్రయం వైపు వచ్చే దారిలోని బార్కస్ అరబ్బులూ ఈ నగరానికిచ్చిన మర్ఫా ఉంటుంది. విదేశీ పాటకు ఎంత నిక్కచ్చిగా వాయించినా, ఎక్కడో ఒక దెబ్బలో హైదరాబాద్ దొరికిపోవడం అందుకే. పాడే అమ్మాయి నాలుగో ఏటనో ఐదో ఏటనో సరళీ స్వరాలతో మొదలుపెట్టి ఉంటుంది. ఇన్ని పరంపరలు ఒక్క వేదిక మీద కలిసే చోటు ఈ నగరంలో ఇంకొకటి చూపించండి. సంగీత సభల్లో కలవవు. సినిమా స్టూడియోల్లో కలుస్తాయి గానీ తలుపులు మూసి ఉంటాయి.

ఇలా కలవడం మనకు కొత్తదేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌నే తీసుకోండి. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజే కొడుక్కీ శాస్త్రీయం నేర్పారు. పాశ్చాత్య సంగీతం పరిచయం చేసింది గిటార్ వాసూరావు. కచేరీలు మొదలయ్యాక కుర్రవాడు పట్టుకున్నది ఎలక్ట్రిక్ మాండొలిన్. ఇవన్నీ కలిసినందువల్లనే ఆయన ఇటు త్యాగరాజ కృతినీ అటు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన గిటారు వేగాన్నీ ఒకే నిండుదనంతో పలికించగలిగారు. ఆయన దగ్గర మాండొలిన్ నేర్చుకున్న శిష్యుడే దేవిశ్రీ ప్రసాద్. తమన్ తండ్రి ఘంటసాల శివకుమార్ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర డ్రమ్మర్. తమన్ కూడా డ్రమ్ముల మీదనుంచే వచ్చారు. ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో రాక్ బృందంలో వాయించారు, మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. సంగీత దర్శకులయ్యాక ఈ నేపథ్యాలను మనం ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం. వాళ్లు పెద్దవాళ్లు కాకముందు, పక్క వాద్యంగా ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు. ఇవాళ శంషాబాద్ వేదిక మీద బాస్ గిటారుతో మూలన నిలబడ్డ కుర్రవాణ్ణీ అడగడం లేదు.

కవర్ అంటే నకలే కదా, నకలు చేసేవాడి చరిత్రతో పనేమిటని ఒక అభ్యంతరం. నకలే అనుకుందాం. త్యాగరాజస్వామి 1847లో వెళ్లిపోయారు. ఇన్నేళ్లుగా కచేరీల్లో ఆయన కృతులు పాడుతున్న వాళ్లంతా చేస్తున్నది ఏమిటి? ఒకరు కట్టిన పాటను మరొకరు తమ బాణీలో పాడటమే. అక్కడ దాన్ని సంప్రదాయం అంటాం, పాఠాంతరం అంటాం, ఎవరి శిష్యులని అడిగి మరీ గౌరవిస్తాం. బీటిల్స్ హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి పరాయి పాటలే వాయించి రాటుదేలారు. 1963లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 14 పాటలుంటే అందులో 6 ఇతరులవి. పరాయి పాటను విప్పి చూసినవాడికే తన పాట కట్టడం చేతనవుతుంది. అందరూ అక్కడిదాకా వెళ్లరు, నిజమే. వెళ్లినవాళ్లూ మన కళ్లముందే ఉన్నారు. ‘చౌరస్తా’ బ్యాండ్ తెలుగు పల్లె మాటను రెగే లయ మీద కూర్చింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల గొంతు ‘జాతిరత్నాలు’లో చిట్టి పాటతో 2021లో ఇంటింటికీ చేరింది.

ఈ మోత మనది కాదనేవాళ్లు ఇంకొందరు. వయొలిన్ మనదా? బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చి 200 ఏళ్లు అయింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని తెలుగువాళ్ల సొంతం చేశారు. సురభి నాటకం హార్మోనియం లేకుండా ఊహించగలమా? అదీ ఐరోపా నుంచి వచ్చిందే. మనవాళ్లు ముట్టుకుని సాధన చేశాకే ఇవన్నీ మనవయ్యాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైతే ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్ అయ్యారు, ఆ తరవాత వయొలిన్ విద్వాంసుడైన ద్వారంవారే ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ ధైర్యం ఇప్పుడేమైంది? హైదరాబాద్ రామ్‌కోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచీ ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, తబలా నేర్చుకున్న వేలమందికి అది అన్నం పెట్టిన చోటు. ఆ వరసలో డ్రమ్ కిట్‌కూ, ఎలక్ట్రిక్ గిటారుకూ, కీబోర్డుకూ గురువుల్ని కూర్చోబెట్టాలి. లండన్ ట్రినిటీ కాలేజీ 2012 నుంచి రాక్, పాప్‌కు విడిగా పరీక్షలు పెట్టి ఎనిమిదో గ్రేడు దాకా పట్టాలిస్తోంది. మన పిల్లలు ఆ పట్టాల కోసం ఫీజులు కడుతున్నారు. మర్ఫా దెబ్బకూ డ్రమ్ కిట్‌కూ ఉన్న చుట్టరికం లండన్ పరీక్షాధికారి చెప్పలేడు. అది చెప్పవలసినది రామ్‌కోఠి.

వినేవాళ్లకు పాట కావాలి గానీ ఈ పేర్లెందుకనే మాట కూడా విన్నదే. కచేరీ కరపత్రం చూడండి: గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా, ఘటం ఫలానా, తంబురా వేసే శిష్యురాలి పేరు కూడా. హరికథకు వచ్చిన మృదంగం ఆయన్ని ఊరంతా పేరుతో పిలుస్తుంది. శ్రోతలు అడిగారని కాదు, అది మర్యాద కనుక. విమానాశ్రయం దారిలోని జీఎంఆర్ అరీనాలో 2024 నవంబరు 15న దిల్జీత్ దోసాంజ్ పాడినప్పుడు ఏ మాటలు పాడకూడదో చెబుతూ ప్రభుత్వమిచ్చిన నోటీసు మీద ఎంత చర్చ జరిగింది! ఆ గొంతు వెనక ఎవరు వాయించారన్నది మన చర్చలోకే రాలేదు. పగలు ఆఫీసు ఉద్యోగాలు చేసే కొందరు తమ పేరు బయటికి రాకూడదనుకోవచ్చు. వాళ్లను వదిలేద్దాం. మిగతావాళ్లను ఏ సాకుతో వదిలేస్తున్నాం?

అసలు ఈ అలవాటు డీజే పెట్టెలు నేర్పింది. పెన్‌డ్రైవు వాయిస్తుంటే మనిషి పేరు అక్కర్లేదు. క్లారినెట్లూ ట్రంపెట్లూ పట్టుకున్న బ్యాండ్ మేళాలను ఆ పెట్టెలే తరిమేశాయి, ఎన్నో కుటుంబాల విద్య అక్కడితో ఆగిపోయింది. రేపటి డ్రమ్మర్లకు బడి మూసేశారని ఎవరికీ తోచలేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తే ఎంతోమంది హర్షించారు, నేనూ హర్షిస్తున్నాను. కానీ ఆ ఖాళీలోకి బ్యాండ్ మేళాన్ని తిరిగి పిలిచే ప్రయత్నమేదీ కనిపించదు. ఇక వేళల సంగతి. ఆరుబయట రాత్రి పదింటికి మైకు కట్టేయాలన్న నిబంధన మంచిదే, నిద్ర అందరి హక్కు. అయితే ఏడింటికి మొదలు కావలసిన కార్యక్రమంలో సన్మానాలూ, డ్రోన్ ఫొటోలూ, ప్రముఖుల రాకలూ ముగిసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. నెల రోజులు రిహార్సల్ చేసిన బ్యాండుకు మిగిలేది అరగంట. ఈవెంట్ సంస్థలు షెడ్యూలు వేసేటప్పుడు బ్యాండును ఏడున్నరకే వేదిక ఎక్కించాలి, సన్మానాలను ఆ తరవాతికి జరపాలి. ఎక్కించేటప్పుడు ఒక్కొక్కరి పేరూ, వాద్యమూ, గురువు పేరూ చదవాలి. ఐదుగురికీ కలిపి రెండు నిమిషాలు పట్టదు.