లెక్కలో సగం, పెత్తనంలో?

బ్రిటన్‌లో కొత్త ప్రతిపక్ష నాయకుడు మొదట చేసే పని ఛాయా మంత్రివర్గాన్ని ఏర్పరచడం. ప్రభుత్వంలోని ప్రతి మంత్రికీ ఎదురుగా ఒకరు నిలబడి ఆ శాఖను నిలదీస్తారు. ఒకప్పుడు లేబర్ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే దాని ఎం.పి.లే ఈ సభ్యులను ఎన్నుకునేవారు. 2011లో ఆ పద్ధతి రద్దయింది. అప్పటినుంచి ఎంపిక నాయకుడిదే.

2015 సెప్టెంబరులో నాయకుడైన జెరెమీ కార్బిన్ 31 మందిని ఎంచుకుంటే, అందులో 16 మంది స్త్రీలు. స్త్రీలు సగం దాటడం అదే మొదటిసారి. కాని ఆర్థికం, విదేశాంగం, హోం మూడూ పురుషులకే దక్కాయి. విమర్శలు రావడంతో ఏంజెలా ఈగిల్‌కు అదనపు హోదా కల్పించారు. స్త్రీలకు ఆరోగ్యం, విద్య ఇచ్చాం, అవి తక్కువ శాఖలా అన్నది సమర్థన.

తక్కువవి కావు. ఆసుపత్రి, బడి లేకపోతే ఆ భారం మోసేది స్త్రీలే. అయితే వాటికి డబ్బు ఎంతో తేల్చేది ఆర్థిక శాఖ. పోలీసులు, వలస వచ్చిన స్త్రీల వీసాలు హోం శాఖ చేతిలో ఉంటాయి. ఆ కుర్చీలు దక్కనప్పుడు సంఖ్య ఒక్కటే సమానత్వం ఎలా అవుతుంది?

ఛాయా పదవే కదా అని కొట్టిపారేయలేం. 2020లో అనలీస్ డాడ్స్ ఛాయా ఆర్థికమంత్రి అయిన తొలి మహిళ. 2021లో ఆమె స్థానంలోకి వచ్చిన రేచల్ రీవ్స్, 2024లో బ్రిటన్ తొలి మహిళా ఆర్థికమంత్రి అయ్యారు. దారి నీడలోనే పడింది.

మన సంఘాల్లో, కమిటీల్లో కూడా ఎంతమంది స్త్రీలున్నారని అడిగి ఊరుకోవద్దు. ఖజానా తాళం ఎవరి దగ్గరుందో అడుగుదాం.