నాగావ్ కెమెరాకు ఢాకా పాఠం

ముంబయి దగ్గరి మరమగ్గాల ఊరు భివండి బయటివాళ్ల కంట పడేది ఏదైనా కాలినప్పుడో కూలినప్పుడో జనం ఊరొదిలినప్పుడో మాత్రమే. 1970లో అల్లర్లు, 1984లో మళ్లీ అల్లర్లు. 2020 మే మొదట్లో, లాక్‌డౌన్‌లో, వలస కూలీలతో గోరఖ్‌పూర్‌కు బయల్దేరిన శ్రామిక్ రైలు. అదే ఏడాది సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో కూలిన జిలానీ బిల్డింగ్. ఆ శిథిలాల కింద ముప్పై మందికి పైగా చనిపోయారు. ప్రతిసారీ ముంబయి నుంచి కెమెరాలు వచ్చాయి, తీశాయి, వెళ్లాయి. ఏమీ కూలని మంగళవారం నాడు భివండి నాగావ్‌లో ఒక సాంచెల (మరమగ్గాల) షెడ్డు ఎలా ఉంటుందో చూపే ఫొటో కోసం వెతికితే మాత్రం చేతికి దొరకడం కష్టం.

ఈ ఊరు మనకు పరాయిది కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి బతకపోయిన పద్మశాలీలు తరాలుగా అక్కడ ఉన్నారు. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో వీధిలో నిలబడితే తెలుగే వినిపిస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం కదా, ఆ మాట కూడా మనకు మరాఠీ వైపు నుంచే వచ్చి ఉండొచ్చు. అక్కడ పుట్టిన పిల్లకో పిల్లాడికో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, షెడ్డులో హిందీ. మూడు భాషల్లో ప్రశ్న అడగగల మనిషి ఫొటో జర్నలిజం తరగతిలో కూర్చుంటే ఆ తరగతికే లాభం. చదువుకునే చోట్లూ ఉన్నాయి. ముంబయిలో కాలేజీలున్నాయి, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది.

మరి ఆ విద్యార్థి ఎవరి దగ్గర పాఠం నేర్చుకోవాలి? యూరప్ ఏజెన్సీల పెద్ద పేర్లు ఎలాగూ సిలబస్‌లో ఉంటాయి. నేను మాత్రం ముందు ఢాకా వైపు చూడమంటాను.

లండన్‌లో కెమిస్ట్రీ డాక్టరేట్ చేసిన షాహిదుల్ ఆలం సొంత ఊరు ఢాకాకు తిరిగొచ్చి 1989లో దృక్ అనే ఫొటో సంస్థ పెట్టారు. 1998లో ఆయన ఫొటోగ్రఫీ బడి మొదలైంది. పేరే పాఠశాల, బడి అన్న అర్థంలోనే. బంగ్లాదేశ్ అంటే వరద, ఆకలి అని విదేశీ ఫొటోగ్రాఫర్లు చూపిస్తూ వచ్చిన రోజులవి. ఆ దేశం పిల్లలే తమ దేశాన్ని తీస్తే ఏం కనిపిస్తుందన్నది ఆలం ప్రశ్న. 2000 నుంచి ఛొబి మేళా అనే ఫొటో ఉత్సవం కూడా నడిపారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఫొటోలను రిక్షా బండ్ల మీద ఎక్కించి వీధుల్లో తిప్పడం. గ్యాలరీకి రాలేనివాడి దగ్గరికి గ్యాలరీయే వెళ్లింది. (ఆ ఆలంనే 2018లో అరెస్టు చేసి నూరు రోజులకు పైగా జైల్లో ఉంచారు. ఫొటో తీయడం ప్రమాదం లేని వృత్తి అనుకునేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.)

పాఠశాలలో చదువుకున్నవాళ్లలో తస్లీమా అఖ్తర్ ఒకరు. ఆమె ఫొటోగ్రాఫరే కాదు, గార్మెంట్ కార్మికుల సంఘంలో పనిచేసే మనిషి కూడా. 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా కూలింది. ఎనిమిది అంతస్తుల భవనం. ముందు రోజే పగుళ్లు కనిపిస్తే కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న బట్టల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు. శిథిలాల్లో ఒకరినొకరు పట్టుకుని చనిపోయిన ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ఫొటోను తస్లీమా తీశారు. ప్రపంచమంతా చూసిన ఫొటో అది.

విద్యార్థులకు సాధారణంగా ఆ ఒక్క ఫొటోనే చూపిస్తారు. ఆమె మిగతా పనే అసలు పాఠమని నా అభిప్రాయం. ఆ ఇద్దరూ ఎవరో ఆమెకు తెలియలేదు. ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదని ఆమే చెప్పారు. ప్రపంచమంతా చూసిన ఫొటోకు పేర్లు లేవు! ఆమె అక్కడితో ఆగలేదు. చనిపోయినవాళ్ల, కనిపించకుండా పోయినవాళ్ల వివరాలతో ఒక పుస్తకం తెచ్చారు. ఆ ప్రమాదానికి ముందూ కార్మికుల మధ్యే ఉన్నారు, తర్వాతా ఉన్నారు. అవార్డు తెచ్చిన ఫొటో ఒక రాత్రిది. ఆ రాత్రి ఆమె అక్కడ ఉండడం మాత్రం ఏళ్ల తరబడి చేసిన పని ఫలితం.

ఇంకో సంగతి. రానా ప్లాజాకు ఐదు నెలల ముందు, 2012 నవంబరులో, తజ్రీన్ అనే ఫ్యాక్టరీ తగలబడి నూట పది మందికి పైగా చనిపోయారు. ఆ బూడిదలో దొరికిన బట్టల లేబుళ్లను, కాగితాలను కొందరు ఫొటోలు తీశారు. ఏ దేశం కంపెనీలకు అక్కడ కుట్టారో ఆ లేబుళ్లే చెప్పాయి. అందం అక్కర్లేని ఫొటోలవి, ఏ ఫోన్‌తోనైనా తీయొచ్చు. కానీ కంపెనీలు తప్పించుకోలేని సాక్ష్యం అదే. 2013 మేలో పెద్ద బ్రాండ్లు కార్మిక సంఘాలతో భవనాల భద్రత ఒప్పందం మీద సంతకాలు చేశాయంటే, అన్ని చావుల వల్ల, సంఘాల ఒత్తిడి వల్ల. ఫొటోల వల్లే అంటే అబద్ధం. సాక్ష్యంగా మాత్రం ఫొటోలు పనికొచ్చాయి.

ఈ పాఠం భివండికి ఉన్నదున్నట్టు పనికిరాదు. ఎందుకంటే భివండి నేసేది ఎక్కువగా గ్రే బట్ట. రంగు లేదు, అంచు మీద పేరు లేదు, లేబుల్ లేదు. వ్యాపారి నూలు ఇస్తాడు, షెడ్డు యజమాని కూలికి నేయించి ఇస్తాడు, బట్ట ప్రాసెసింగ్‌కు పోతుంది, అక్కడి నుంచి ఎవరి చొక్కా అవుతుందో నేసినవాడికి తెలియదు. ఏ బ్రాండ్‌ను సిగ్గుపడమంటాం? ఢాకాలో ఒక్క లేబుల్ ఫొటో చేసిన పని ఇక్కడ చేయాలంటే ఆ గొలుసు మొత్తాన్ని తీయాలి. నూలు దిగే గోదాము, మీటర్ల లెక్క రాసిన చీటీ, మెస్సులో కార్మికుడి ఖాతా పుస్తకం, కండెలు చుట్టే ఆడవాళ్లు, తాన్లు ఎక్కే టెంపో. మొహాల్లో బాధ వెతికే ఫొటోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. చీటీల ఫొటోలు లేవు.

గుజరాత్‌లో సూరత్ పక్కన సచిన్‌లోని ఒక బట్టల ఫ్యాక్టరీ మీద రాహుల్ జైన్ తీసిన ‘మెషీన్స్’ అనే డాక్యుమెంటరీ ఈ సందర్భంలో చూడదగ్గది. అమెరికాలో ఫిల్మ్ విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన పని అది. 2017లో సన్‌డాన్స్‌లో కెమెరా పనితనానికి అవార్డు వచ్చింది. ఎంతో అందంగా తీశారు. అందులో ఒకచోట కార్మికులు గుమిగూడి కెమెరాతో వచ్చినవాణ్నే నిలదీస్తారు. నువ్వూ వచ్చి చూసి పోతావు, మేమేం చేయాలో చెప్పు అని. ఆ ప్రశ్నను కత్తిరించి పారేయకుండా సినిమాలో ఉంచినందుకు దర్శకుణ్ని మెచ్చుకోవాలి. జవాబు మాత్రం ఆయన దగ్గరా లేదు.

నాగావ్ విద్యార్థికి ఆ ప్రశ్న ఎదురుకాదు, ఎందుకంటే వచ్చి పోయే మనిషి కాదు. అదే బలం, కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. అమెరికా పత్తి మిల్లుల్లో పిల్లల చాకిరీని 1908 నుంచి ఫొటోలు తీసిన లూయిస్ హైన్ బడిపంతులుగా ఉండి కెమెరా పట్టినవాడు. మిల్లు యజమానులు లోపలికి రానివ్వకపోతే బైబిళ్లు అమ్మేవాడిననో, యంత్రాల ఫొటోలు తీసేవాడిననో చెప్పి దూరేవాడు. పిల్ల ఎత్తు ఎంతో తన కోటు గుండీలతో పోల్చి గుర్తు పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టి గుట్టుగా రాసుకునేవాడు. పేరు, వయసు, ఎన్నాళ్లుగా పని, ఎంత కూలి. పని ముగిశాక రైలెక్కి పోయేవాడు. నాగావ్‌లో ఈ వేషాలు చెల్లవు. గేటు దగ్గరే ‘నువ్వు ఫలానా మామ బిడ్డవు కదా’ అంటారు. సేటుకు నచ్చని ఫొటో అచ్చయితే పని పోయేది ఫొటో తీసినవాడికి కాదు, పదేళ్లుగా ఆ షెడ్డులో సాంచెలు నడుపుతున్న నాన్నకో బాబాయికో పోతుంది. మన కాలేజీల్లో నైతికత పాఠం చెప్పేటప్పుడు అనుమతి పత్రం దగ్గర ఆగిపోతారు. అనుమతి ఇచ్చినవాడికి రేపు ఏమవుతుందో కూడా ఆలోచించాలని ఏ పత్రంలోనూ ఉండదు. కొన్ని ఫొటోలు తీసి దాచుకోవాలి. కొన్నిటికి పేరు రాసుకోవాలి, అచ్చులో వేయకూడదు.

రాసుకోవడం మాత్రం తప్పదు. 1910లో వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక మిల్లులో హైన్ తీసిన పన్నెండేళ్ల అడీ కార్డ్ ఫొటో చాలా పేరుపొందింది. 1998లో దాన్ని తపాలా బిళ్ల మీద కూడా వేశారు. కానీ కొన్నిచోట్ల ఆ అమ్మాయి ఇంటిపేరు లెయిర్డ్ అని పడింది. ఆ పొరపాటు కూడా తోడై ఆమె ఎవరో, పెద్దయ్యాక ఏమైందో తేల్చడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. మన ఇంటిపేర్లు మరాఠీ రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటాయి. తెలుగు తెలిసినవాడు రాస్తే తప్ప సరిగా పడవు.

షెడ్డులో పని గురించి రెండు మాటలు. పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుమంటుంది. షట్టరు వేగం పెంచితే ఫొటోలో చారలు పడతాయి. సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెడితే చారలు పోతాయి, నాడె (షటిల్) మాత్రం తెల్లటి గీతలా సాగుతుంది. ఆ గీతను చెరపొద్దు, పన్నెండు గంటల షిఫ్టు వేగం అందులోనే ఉంది. దూది గాలిలో తేలుతూ ఉంటుంది కాబట్టి లోపల లెన్సు మార్చొద్దు. ఆ చప్పుడులో మాటలు వినపడవు, కాబట్టి ప్రశ్నలు బయట టీ దగ్గర అడగాలి. షిఫ్టు మారే వేళకు మించిన సమయం లేదు.

తీసినవి ఎవరికి చూపాలి? ఇక్కడ మనవాడే ఒకరు దారి చూపారు. పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో పనిచేసే ఆడవాళ్లను తీసిన ఫొటోలను రైల్వే స్టేషన్లలో, జనం తిరిగే చోట్ల పెట్టారు. ఒక్క మన దేశంలోనే ఏడు లక్షల మందికి పైగా చూశారు. పల్లెల బతుకుల మీద ఆయన 2014లో మొదలుపెట్టిన పరి అనే వెబ్‌సైటు తెలుగులోనూ వస్తోంది, విద్యార్థుల పనినీ వేస్తుంది. అక్కడే పనిచేసే పళని కుమార్ చేపలమ్మే తల్లి కొడుకు. మదురై దగ్గరి ఊరినుంచి వచ్చి పారిశుద్ధ్య కార్మికుల బతుకులను తీశారు, వాళ్ల పిల్లలకూ కెమెరా నేర్పారు. నాగావ్ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అందుకే భివండిలోని పద్మశాలి సంఘాల పెద్దలకు ఒక మనవి. ముహూర్తాలు లేని నెలలో ఫంక్షన్ హాలు వారం రోజులు ఖాళీగానే ఉంటుంది. ఫొటో జర్నలిజం చదువుతున్న మన పిల్లలకు ఆ వారం అద్దె లేకుండా ఇవ్వండి. ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యేను పిలవకపోయినా పర్వాలేదు, రెండు షిఫ్టులవాళ్లూ వచ్చి చూసేలా పొద్దున ఏడింటికీ రాత్రి ఎనిమిదింటికీ తలుపులు తెరిచి ఉంచండి. ఫొటో కింద పేరు తప్పు పడితే దిద్దగలిగేది వాళ్లే.