అమ్మానాన్నల ఇల్లు అమ్మానాన్నల ఊళ్లోనే

మన వైపు పెద్దవాళ్ల ఇల్లు మార్చే నిర్ణయం ఎక్కువగా ఆసుపత్రి వరండాలో జరుగుతోంది. అమ్మ దొడ్లో జారిపడి తుంటి ఎముక విరిగాకనో, నాన్నకు అర్ధరాత్రి ఆయాసం వచ్చాకనో పిల్లలు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి పరుగెత్తుకొస్తారు. దొరికింది రెండు రోజుల సెలవు. ఆ రెండు రోజుల్లోనే పాత ఇంటిని ఏం చేయాలి, పెద్దవాళ్లు ఎవరి దగ్గర ఉండాలి, సామాన్లు ఎవరికివ్వాలి అన్నీ తేలిపోవాలి. పిల్లల భయం నిజమైనదే, దాన్ని తప్పుపట్టలేం. నలభై ఏళ్ల సంసారాన్ని ఆ కంగారులో మూటగట్టడం మాత్రం తప్పే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్లలో దీనికి వేరే దారి ఉంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే, పెద్దవాళ్లే ముందు నిలబడి, అదే ఊళ్లో, వీలైతే అదే పేటలో, మెట్లు లేని రెండు గదుల ఇంటికి మారడం. ఆ ఇల్లు వాళ్ల పేరు మీదే ఉండడం.

కేంద్ర గణాంక శాఖ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 12.4 శాతం. దేశం మొత్తం మీద ఆ లెక్క 10.1 శాతమే. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్, పంజాబ్ తర్వాత వరసలో మన రాష్ట్రమే ఉంది. చదువులకూ ఉద్యోగాలకూ పిల్లలు బయటికి వెళ్లిపోయే ఊళ్లలో ఇది కంటికి ఇంకా బాగా కనిపిస్తుంది. సాయంత్రం పూట అరుగుల మీద కూర్చున్నవాళ్లను చూస్తే చాలు.

వాళ్లు ఉంటున్న ఇళ్లు వేరే కాలానికి, వేరే సంసారాలకు కట్టినవి. ఎత్తైన అరుగు, అంతెత్తు గడప, పడసాల, గవాక్షిలోంచి వెలుతురు పడే లోగది, వెనక వంటిల్లు, దాని వెనక దొడ్డి, దొడ్డి చివర మరుగుదొడ్డి. పది మంది తిరిగినప్పుడు చాలని ఇల్లది. ఇద్దరే మిగిలాక ఊడ్చడానికే పొద్దంతా పడుతుంది. చవుడు మిద్దె అయితే వానలకు ముందు పైకెక్కి ఎక్కడ కురుస్తుందో చూసుకోవాలి. తర్వాతి కాలంలో స్లాబు వేసుకున్నవాళ్ల కష్టం వేరు. కొడుకు పెళ్లికని పైన వేసిన గదులు ఖాళీగా పడి ఉంటాయి, నీళ్ల ట్యాంకు ఆ పైన ఉంటుంది. హిందూపురం నీళ్ల కోసం పడ్డ పాట్లు ఊరందరికీ తెలుసు. కుళాయి వచ్చే వేళకు లేచి డ్రమ్ములు నింపే పని డెబ్బై దాటినవాళ్ల నడుములు ఎంతకాలం మోస్తాయి? కొత్త ఇల్లు చూసేటప్పుడు రంగులూ బండలూ తర్వాత, ముందు నీళ్లెలా వస్తాయో కనుక్కోవాలి. మంచం నుంచి బాత్రూంకు రాత్రిపూట ఎన్ని అడుగులో, మధ్యలో గడపలెన్నో చూడాలి. కూర్చుని లేచే కమోడు, గోడకు పట్టుకునే కడ్డీ ఉన్నాయా అన్నది హాలు ఎంత పెద్దదో అన్నదానికంటే ముఖ్యం.

పిల్లల మాట ఒకటే: “ఒంటరిగా ఎందుకమ్మా, మా దగ్గరికే వచ్చేయండి.” ప్రేమతో అన్న మాటే. ఒక్కోసారి అదే సరైనది కూడా. మతిమరుపు ముదిరినా, మంచం పట్టినా పక్కన మనిషి ఉండాల్సిందే. కానీ తిరగగలిగిన వయసులో, అన్నీ తెలిసిన పేట వదిలి బెంగళూరులో పన్నెండో అంతస్తుకు వెళ్లిన పెద్దాయన రోజు ఎలా గడుస్తుందో పిల్లలు ఆలోచించాలి. హిందూపురంలో ఆయన పొద్దున్నే టీ కొట్టు దాకా నడుస్తాడు. దారిలో నలుగురు పలకరిస్తారు. రెండు రోజులు కనిపించకపోతే ఇంటికొచ్చి తలుపు తడతారు. ఆ కనిపెట్టుకుని ఉండటం డబ్బిచ్చి కొనుక్కునేది కాదు. ఫ్లాట్‌లో అయితే కొడుకూ కోడలూ సాయంత్రం ఇంటికొచ్చేదాకా టీవీయే తోడు.

పైగా ఈ మూడు ఊళ్లకూ ఒక వెసులుబాటు ఉంది. మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పెనుకొండను ఆనుకునే నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పోతుంది. శనివారం బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అమ్మ చేతిదే తినొచ్చు. 1991లో మొదలై ఉచితంగా వైద్యం చేస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి పుట్టపర్తిలో దగ్గరే ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలకు లేని వీలు బెంగళూరు పిల్లలకుంది. దాన్ని అమ్మానాన్నలను తీసుకెళ్లడానికి కాక, తాము తరచూ రావడానికి వాడుకోవాలి.

దగ్గరగా ఉండాలి గాని ఒకే కప్పు కింద ఉండక్కర్లేదన్న ఆలోచనను సింగపూర్ ప్రభుత్వం డబ్బిచ్చి మరీ ప్రోత్సహిస్తోంది. తల్లిదండ్రులకు 4 కిలోమీటర్ల లోపు రీసేల్ ఫ్లాట్ కొనుక్కునే పిల్లలకు, పిల్లల దగ్గరికి మారే తల్లిదండ్రులకు 2018 నుంచి 20,000 సింగపూర్ డాలర్లు ఇస్తున్నారు. అదే దేశంలో వయసు మళ్లినవాళ్లు తక్కువ ఏళ్ల లీజుతో చిన్న ఫ్లాట్ తీసుకునే ఏర్పాటు ఉంది. మన పట్టణాల్లో ప్రభుత్వ లేఅవుట్లు వేసేటప్పుడు నేల మీద కొన్ని రెండు గదుల ఇళ్లు పెద్దవాళ్లకని పక్కన పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పురపాలక సంఘాలు ఆలోచించాల్సిన విషయమిది.

హడావిడిగా కదిలితే ఏమవుతుందో పెనుకొండకు తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. 1565 జనవరిలో రాక్షస తంగడి యుద్ధంలో అళియ రామరాయలు కూలిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకుని విజయనగరం విడిచి ఈ కొండ దుర్గానికే వచ్చాడు. 550 ఏనుగుల మీద నిధులు తరలించారని చరిత్రకారుడు రాబర్ట్ సెవెల్ రాశాడు. అంత చేసినా మోయగలిగినవే వచ్చాయి, మిగిలిన నగరం శత్రువుల పాలైంది. అయితే పారిపోయి వచ్చింది ముక్కూ మొహం తెలియని చోటికి కాదు. పెనుకొండ విజయనగరానికి మొదటి నుంచీ సొంత దుర్గం. అందుకే రాజధానిగా మళ్లీ నిలదొక్కుకోగలిగింది. ఇల్లు మారేవాళ్లు ఆ కథలో రెండు సంగతులూ గమనించాలి: ఆపద వచ్చాక సర్దుకుంటే సగమే చేతికొస్తుంది, తెలిసిన చోటికి మారితే మళ్లీ వేళ్లూనుకోవచ్చు.

ఇప్పటి పెనుకొండ లెక్క వేరు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో మొదలయ్యాక చుట్టుపక్కల అద్దె ఇళ్లు అడిగేవాళ్లు పెరిగారు. పెద్ద ఇల్లున్న దంపతులు దాన్ని అమ్మకుండానే అద్దెకిచ్చి, తాము అందులోనే ఒక వాటాకో, పక్క వీధిలో ఇంకో ఇంటికో మారొచ్చు. నెలనెలా వచ్చే అద్దె మందులకు అక్కరకొస్తుంది. అమ్ముదామనుకునేవాళ్లకు పాత ఊళ్లో ఇంకో చిక్కుంది. గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలాచోట్ల రిజిస్టరు దస్తావేజే ఉండదు. పన్ను రసీదులూ పాత భాగపరిష్కార కాగితాలే ఆధారం. అవి ఏ ట్రంకు పెట్టెలో ఉన్నాయో పెద్దాయనకే తెలుసు. ఆ సంగతి ఆయన చెప్పగలిగినప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఇక సామాన్లు. “ఈ పాతవన్నీ ఎవరికి కావాలి” అన్న మాట పిల్లల నోట వచ్చిందంటే ఆ రోజు పని ఆగిపోయినట్టే. గంగాళం, రాగి అండా, ఇసుర్రాయి, ధాన్యం పోసుకున్న గాదె ఒక్కోటీ ఎవరి పెళ్లిలో వచ్చిందో, ఏ కరువులో కుదువ పెట్టి విడిపించుకున్నదో అమ్మకు గుర్తుంటుంది. ఆమె చెప్తుంటే ఎవరో ఒకరు రాసుకోవాలి, ఫోన్లో రికార్డు చేసినా సరే. వారానికొక గది పెట్టుకుంటే చాలు. అటక చివర్లో చూడాలి, అక్కడే పని ఎక్కువగా ఆగుతుంది. ఇవ్వదలచినవి బతికుండగా తన చేతులతో ఇవ్వడంలో ఉన్న తృప్తిని పెద్దవాళ్లకు దూరం చేయకూడదు. పాత జరీ చీరలను వెండి కోసం కొనేవాళ్లు వీధుల్లో తిరుగుతుంటారు. పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర వాళ్ల చేతికి పోతే కాల్చి వెండి తీస్తారు. మనవరాలు కట్టుకోకపోయినా సరే, ముందు ఆమెను అడిగి చూడాలి.

ఈ పనంతటిలో కష్టమైనది ధర్మవరంలో ఉంది. అక్కడ నేత కుటుంబం ఇల్లు మారడమంటే మగ్గాన్ని పెకలించడం. గుంట మగ్గం నేలలో నాటుకుని ఉంటుంది. నేతగాడు కాళ్లు గుంటలోకి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. పైన జకార్డు పెట్టె నిలబడాలంటే కప్పు ఎత్తుండాలి. రెండు గదుల కొత్త ఇంట్లో అంత ఎత్తు దొరకదు, అద్దె ఇంటి యజమాని నేల తవ్వనివ్వడు. అచ్చులో పడుగు ఉండగా మగ్గం కదపడానికి లేదు, దాని మీద చీరలన్నీ దిగాలి. షావుకారు దగ్గర అడ్వాన్సు ఉంటే ఆ లెక్కా తేలాలి. అందుకే చాలా ఇళ్లలో మగ్గానికే పెద్ద గది, మనుషులకు మిగిలిన జాగా.

మోకాళ్లు సహకరించని వయసులోనూ మగ్గం తీయనివ్వరు. పిల్లలు దాన్ని మొండితనం అంటారు. అందులో లెక్క ఉంది. నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబరులో ధర్మవరంలోనే ప్రారంభించారు. ఏటా 24,000 రూపాయలు అందింది సొంత మగ్గం ఉన్నవాళ్లకే. మగ్గం ఉంటేనే నేతగాడిగా పేరుంటుందని పెద్దవాళ్లు నేర్చుకున్నది ఊరికే కాదు. ఆ భయం పోగొట్టాల్సింది ప్రభుత్వం. మగ్గం దిగిన నేతగాడికి ఆ గుర్తింపు పోదని కాగితం మీద చెప్పాలి. పేటకొక ఉమ్మడి మగ్గాల షెడ్డు ఉంటే, ఓపికున్న రోజు వచ్చి కాసేపు నేసుకునే వీలుంటే, ఇల్లు మారినా చేతిలో పని మిగులుతుంది. కండెలు చుట్టే అవ్వకు రాట్నం పెట్టుకునే మూల కొత్త ఇంట్లో కచ్చితంగా చూడాలి. ఆమె సంపాదనా, ఆమె సాయంత్రం కబుర్లూ ఆ మూల దగ్గరే.

దస్తావేజుల దగ్గరికొచ్చేసరికి మొహమాటం అసలు పనికిరాదు. “ఎలాగూ నీదే కదా నాయనా” అంటూ పాత ఇల్లు కొడుకు పేరునో కూతురి పేరునో రాసిచ్చి, ఆ తర్వాత కొత్త చోట ఉందామనుకునే పద్ధతి మన ఇళ్లలో ఉంది. రాసివ్వొద్దు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌కు చెందిన ఒక తల్లి 2019లో కొడుక్కి గిఫ్టు డీడు రాసిచ్చి, తర్వాత దాని రద్దు కోసం కింది నుంచి పై దాకా పోరాడింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చి ఇల్లు తిరిగి ఆమెకు అప్పగించమంది. న్యాయం దొరికింది, కానీ ఆ వయసులో అన్ని మెట్లెక్కాల్సి వచ్చింది. మన దగ్గర ఈ ఫిర్యాదులు వినేది ఆర్డీఓ. పెనుకొండలోనూ ధర్మవరంలోనూ ఆ కార్యాలయాలున్నాయి.

పూర్వీకుల ఇల్లయితే కూతుళ్లను పక్కన పెట్టి అమ్మడం కుదరదు. ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికంటే ముందుంది. హిందూపురం శాసనసభ్యుడిగా ఉంటూ ముఖ్యమంత్రిగా పనిచేసిన ఎన్టీ రామారావు హయాంలో 1986లో చేసిన సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. కేంద్రం ఆ పని 2005లో చేసింది, పెళ్లయిన కూతుళ్లకూ వర్తింపజేసింది. కూతురి సంతకం చివరి రోజు అడిగే లాంఛనం కాకూడదు. మొదటి మాటలకే ఆమెను పిలవాలి. అమ్మకు ఏం కావాలో చాలాసార్లు ఆమెకే తెలుస్తుంది.

అమ్మకంలో వచ్చిన లాభంతో రెండేళ్లలోపు ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు ఆదాయపు పన్ను ఉండదు. తక్కువ ధర ఇంటికి మారేవాళ్లకు మిగిలిన లాభం మీద పన్ను పడొచ్చు కాబట్టి, బేరం కుదుర్చుకోకముందే ఆడిటరును కలవడం మంచిది. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేసిన ఎన్టీఆర్ భరోసా పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తారు. వీధి మారితే చిరునామా మార్పించుకోవాలి. రాష్ట్రం దాటి బెంగళూరుకు మకాం మారిస్తే ఆ నాలుగు వేల సంగతి ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. తన చేతిలో తన డబ్బు ఉండటం ముసలి వయసులో ఎంత ధైర్యమో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు.

ఈ సంక్రాంతికి పిల్లలంతా ఊళ్లో కలిసినప్పుడు, ఎవరికీ జ్వరం లేనప్పుడు, అమ్మానాన్నలను కూర్చోబెట్టి “మీకు ఎక్కడ ఉండాలనుంది?” అని అడగండి. ఇద్దరినీ విడివిడిగా అడగండి, జవాబులు వేరుగా ఉండొచ్చు. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఆర్నెల్లు ఉండి చూడమనండి. నచ్చకపోతే వెనక్కి రావడానికి పాత ఇల్లు అప్పటిదాకా అలాగే ఉండనివ్వండి. అమ్మకాలూ సంతకాలూ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.