'వచ్చెయ్' అనే ముందు

పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే గుండె ఆగినంత పనవుతుంది కదా. తీస్తే మా అమ్మాయి. "అమ్మా, పడుకున్నావా?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. చాలాసేపు ఏడ్చి ఆపుకున్నాక ఉండే గొంతు అది.

ఆ రోజు దానికి మొదటి జ్యూరీ. ఆర్కిటెక్చరు చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తెలుస్తుంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. మనలాగా పేపరు రాసిచ్చి వచ్చెయ్యడం కాదు. వారాల తరబడి గీసిన షీట్లన్నీ గోడకి అంటించి, పక్కన నిలబడి, ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పాలి. ఎదురుగా కాలేజీ మాస్టార్లు, బయటినుంచి పిలిచిన ఆర్కిటెక్టులు కూర్చుంటారు. వెనకాల క్లాసంతా ఉంటుంది. తప్పుంటే అందరి ముందే అనేస్తారు. మన రోజుల్లో ఎవరో ఎక్కడో కూర్చుని పేపర్లు దిద్దేవారు. తిట్టుకున్నా మనకి వినపడేది కాదు.

"ఇన్ని వారాలు గీసింది అయిదు నిమిషాల్లో తీసిపారేశారమ్మా. నాకిది రాదు" అంది.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "వచ్చెయ్ తల్లీ. ఎందుకొచ్చిన బాధ? పొద్దున్నే నాన్నని టికెట్ తీయమంటాను" అన్నాను.

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "అంటే నేను చెయ్యలేనని నీక్కూడా అనిపిస్తోందా?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "సరేలే అమ్మా, పడుకో" అని పెట్టేసింది.

ప్రేమతోనే అన్నాను. అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒక్క మాట అమ్మాయి చెవికి ఎలా వినపడిందో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను.

ముందు దాని చదువు సంగతి చెప్పాలి. బి.ఆర్క్ అయిదేళ్ల కోర్సు. అది పూర్తిచేసి హైదరాబాదులో ఒక ఆఫీసులో రెండేళ్లు పనిచేసింది. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఒకటుంది. దాని ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైతేనే ఆర్కిటెక్టునని చెప్పుకోవాలి. ఆ నమోదూ అయింది. పెళ్లిళ్లకి వెళితే "మా మనవరాలు ఆర్కిటెక్టు" అని మా అత్తయ్యగారు పక్కవాళ్లు అడక్కుండానే చెప్పేవారు. ఇక సంబంధాలు చూద్దాం అనుకుంటున్న సమయంలో గేట్ రాస్తానంది. గేట్ అంటే ఇంజనీర్లకే అనుకునేదాన్ని. అందులో ఆర్కిటెక్చరు, ప్లానింగు కలిపి వేరే పేపరుందట. రాసింది, స్కోరొచ్చింది, ఎం.ఆర్క్‌లో చేరింది.

2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విజయవాడలోనే ఉంది, అక్కడొస్తే బాగుండునని ఆశపడ్డాం. రాలేదు. ఎక్కడో ఉత్తరాదిలో వచ్చింది, రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. తీసుకున్న సబ్జెక్టు కన్సర్వేషన్, అంటే పాత కట్టడాలను పాడవకుండా కాపాడే చదువు. రెండేళ్లు.

చుట్టాల ప్రశ్నలు మీరు ఊహించుకోవచ్చు. "ఇళ్లు కట్టడం వచ్చేసింది కదా, మళ్లీ పాతిళ్ల చదువేమిటి?" "ఆర్కిటెక్టు అయిపోయాక ఇంకా స్టూడెంటా?" గేట్ స్కోరుతో చేరినవాళ్లకి నెలకి 12,400 రూపాయలు స్కాలర్‌షిప్పు వస్తుంది. ఆఫీసులో దానికొచ్చే జీతంలో అది సగం కూడా కాదు. ఆ లెక్క కూడా మా ఇంట్లో చాలాసార్లే వేశారు.

నాకూ అప్పుడు అర్థం కానిది ఒకటుంది. బి.ఆర్క్ మొదటి ఏడాది పిల్లకి ఏమీ రాదని అందరికీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. పీజీ మొదటి ఏడాది అలా కాదు. వచ్చనుకున్నది రాదని తెలిసే ఏడాది అది. ఆఫీసులో మా అమ్మాయికి వేగం నేర్పారు. స్థలం కొలతలు వస్తే సాయంత్రానికి ప్లాను సిద్ధం. మేస్త్రీలు మేడమ్ అని పిలిచేవారు. ఇక్కడ మొదటి సెమిస్టరులో ఒక్క కొత్త గోడ కూడా గియ్యనివ్వలేదు. పాత బస్తీలో ఒక హవేలీ చూపించి, కొలిచి గియ్యమన్నారు. ప్రతి గోడ మందం, అది ఎటు ఒరిగింది, చెమ్మ ఎంత ఎత్తుదాకా ఎక్కింది, పూత ఎక్కడ ఉబ్బింది, ఇవన్నీ. గీశాక ప్రశ్నలు. ఈ బీట ఎందుకొచ్చింది? ఇప్పటిదా, పాతదా? ఇంకా పెరుగుతోందా? దీన్ని బాగుచెయ్యాలా, అలాగే వదిలెయ్యాలా? చకచకా గీసే చేతిని ఆపి, ముందు చూడు అంటారన్నమాట.

నేను బి.ఏ. తెలుగులో చేరినప్పుడు పద్యాలు రాస్తానని కాస్త గర్వంగానే ఉండేదాన్ని. మొదటి నెలలోనే మా మాస్టారు నా నోటు పుస్తకం చూసి పద్యం పద్యానికీ యతి తప్పిందని ఎర్రసిరాతో గీతలు పెట్టారు. రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, రాకపోతే నేర్చుకుంటావులే అనే వయసు. పాతికేళ్లొచ్చి, జీతం తీసుకుని, పేరుకి ముందు ఆర్కిటెక్టు అని పెట్టుకున్నాక ఎర్రసిరా గీతలు పడితే ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు.

బాలకృష్ణ దోషి గురించి మా అమ్మాయి చెప్పేది. ఆర్కిటెక్చరులో చాలా పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి 2018లో ఆయనకి వచ్చింది. మన దేశంలో అది అందుకున్న మొదటివారు. అహ్మదాబాదులో 1962లో ఆర్కిటెక్చరు స్కూలు పెట్టిందీ ఆయనే. అంతటాయన కుర్రతనంలో పారిస్‌లో లె కొర్బూజియే దగ్గర చేరినప్పుడు ఫ్రెంచి రాదు, మొదట్లో కొన్ని నెలలు జీతం కూడా లేదు. అర్ధరాత్రి ఇంటికి ఫోను చేసుకునే వీలు ఆ రోజుల్లో ఉంటే ఇంట్లోవాళ్లు ఏమనేవారో అని నాకనిపిస్తుంది. బహుశా "ఓర్చుకో నాయనా" అనేవారు. మగపిల్లాడు కదా.

అక్కడే నాకు చురుక్కుమంది. మా మరిదిగారబ్బాయి అమెరికాలో ఎమ్మెస్‌లో చేరిన కొత్తలో వాడూ ఇలాగే ఫోను చేసి ఉండలేకపోతున్నానన్నాడు. అప్పుడు నేనే ఫోను తీసుకుని "మొదట్లో అంతే నాన్నా, రెణ్నెల్లు పోతే అలవాటైపోతుంది" అని ధైర్యం చెప్పాను. అదే నేను, కన్నకూతురికి మాత్రం "వచ్చెయ్" అన్నాను. ఎందుకంటారు? వాడు వెనక్కొస్తే ఏం చేస్తాడన్న భయం ఉంది. ఇది వెనక్కొస్తే పెళ్లి చేసేయొచ్చన్న ధీమా ఉంది. నోటితో అనం. మనసులో ఆ తలుపు తీసే ఉంచుకుంటాం. కష్టం రాగానే అటు చూపిస్తాం.

ఈ మాట రాయడం నాకంత తేలిక కాదు. ఎందుకంటే ఆ తలుపులోంచి వచ్చినదాన్ని నేనూ. బి.ఏ. అయ్యాక ఎం.ఏ. సీటొచ్చింది. హాస్టల్లో చేరిన మూడో వారానికే జ్వరం పట్టుకుంది. క్లాసులో అందరూ నాకన్నా బాగా మాట్లాడేవాళ్లు. ఏడుస్తూ ఇంటికి ఉత్తరం రాస్తే నాన్నగారు స్వయంగా వచ్చి, "నీకెందుకమ్మా ఈ కష్టం, వచ్చెయ్" అన్నారు. ప్రాణం లేచొచ్చినట్టయింది. వచ్చేశాను. సంక్రాంతికి పెళ్లి కుదిరింది. నా సంసారం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, నాన్నగారి మీద కోపమూ లేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా, ఇంకొక్క నెల ఉండి ఉంటే ఏమయ్యేదో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అలా అనిపించకుండా పెరిగే హక్కు నా కూతురికి ఉంది.

ఇదంతా మావారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "రోజులు బాగాలేవు. పిల్లలు ఏమైనా చేసుకుంటే? ఇల్లుందన్న ధైర్యం ఇవ్వొద్దా?" అన్నారు. ఆయన భయం ఉత్త భయం కాదు. ఈ చదువులో నిద్ర మానుకోవడం ఒక గొప్పగా చెప్పుకుంటారు. రెండు రాత్రులు పడుకోలేదని ఒకరంటే మూడు అని ఇంకొకరంటారు. అది నాకెప్పటికీ నచ్చదు. నిద్ర లేని కళ్లు గోడలో బీట ఏం చూస్తాయి? పిల్ల తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకడం గురించే నిరాశగా మాట్లాడినా ఫోనులో "వచ్చెయ్" అని కూర్చోకూడదు, రైలెక్కి మనమే వెళ్లాలి. తీసుకురావలసివస్తే తీసుకురావాలి. అలాంటప్పుడు చదువు లెక్కే కాదు. కానీ ప్రతి ఏడుపూ అలాంటిది కాదు. ఏది ఎలాంటిదో తెలియాలంటే ముందు అడగాలి కదా. నేను అడగలేదు. ఏం గీశావనీ అడగలేదు, వాళ్లేమన్నారనీ అడగలేదు.

మర్నాడు పొద్దున అడిగాను. "నిన్న వాళ్లేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను. కొంచెం బెట్టు చేసి చెప్పింది. షీట్లు చూసి ఒకావిడ, "గోడలు బాగానే కొలిచావు. ఈ ఇంట్లో మనుషులేరీ?" అన్నారట. ఆ ఇంట్లో ఇప్పటికీ మూడు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మా అమ్మాయి మాత్రం దాన్ని ఖాళీ మ్యూజియంలా గీసింది.

నాకు ఆర్కిటెక్చరు రాదు. కానీ ఇల్లు తెలుసు. "ఆ ఇంట్లో పొద్దున్నే ముందు ఎవరు లేస్తారే? నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారు? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? మగవాళ్లు లేనప్పుడు ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఇల్లంతా తిప్పి చూపించింది ఇంటి పెద్దాయన, వంటింట్లోకి ఇది తొంగి కూడా చూడలేదు. ఆ వారం టేపు పక్కన పెట్టి వెళ్లి, ఆ ఇంటి కోడలితో వంటింట్లో రెండు పూటలు కూర్చుని వచ్చింది. నడవాలో ఒక మూల చెమ్మ ఎందుకు ఎక్కుతోందో గోడ చెప్పలేదు, ఆవిడ చెప్పింది. రోజూ అంట్లు తోమే నీళ్లు అక్కడే నిలుస్తాయట.

దసరాకి వచ్చినప్పుడు కోనసీమలో మా అమ్మమ్మగారి ఇంటికి తీసుకెళ్లాను. మండువా లోగిలి. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు మధ్యకి వాలి, వాననీళ్లు మండువాలో పడతాయి. గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన గోడలు. కొన్నేళ్ల కిందట మా మావయ్యలు గట్టిగా ఉంటుందని కింద భాగమంతా సిమెంటు పూయించారు. మా అమ్మాయి దాని మీద వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. సున్నపు గోడ లోపలి చెమ్మని బయటికి వదిలేస్తుందట. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుందట. మంచి చేద్దామనే పూయించారు పాపం.

అది కొలుస్తుంటే నేను పేర్లు చెప్పాను. అరుగు, వసారా, దూలం, వాసాలు, అటక, దీపపు గూడు. అరుగు మీద తాతయ్యలే కూర్చునేవారని, అమ్మమ్మ ఆ అరుగు మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదని, నెలలో మూడు రోజులు ఆడవాళ్లు ఉండే మూల ఇదని చూపించాను. అన్నీ తెలుగులోనే రాసుకుంది. నా బి.ఏ. ఇన్నాళ్లకి ఒక ప్లాను మీదికెక్కింది.

అందుకని పిల్లలు కొత్తగా ఏదైనా మొదలుపెట్టినప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లలు అప్పటికే ఒక స్థాయికి వచ్చి మళ్లీ మొదటి మెట్టు ఎక్కుతున్నప్పుడు, తల్లులకి నేను చెప్పేది ఇంతే. మార్కులెన్నని, జీతమెంతొస్తుందని, పెళ్లెప్పుడని తర్వాత అడుగుదాం. ముందు ఏం చేస్తున్నావో చూపించమందాం. అర్థం కాకపోతే అర్థం కాలేదనే అందాం. షీట్లు ప్రింటు తీయించుకోవడానికి డబ్బు కావాలంటే మళ్లీనా అనకుండా పంపిద్దాం. తిన్నావా, పడుకున్నావా అని మాత్రం రోజూ అడుగుదాం. 'వచ్చెయ్' అనే మాట మన దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు. అన్నీ అడిగాక, అప్పటికీ అవసరమైతే అందాం.

డిసెంబరులో చివరి జ్యూరీ అయింది. అద్భుతమేమీ జరగలేదు. ఈసారి మనుషులు బాగా కనిపిస్తున్నారు గానీ బాగుచేసే పద్ధతి ఇంకా తేలలేదన్నారట. అందరి ముందే అన్నారట. అయితే ఈసారి ఫోను రాత్రి ఒంటిగంటన్నరకి రాలేదు. సాయంత్రం ఏడింటికే చేసి, "అమ్మా, ఈసారి తిట్లు కాస్త తగ్గాయి" అంది. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. క్యాంటీన్లో ఉన్నట్టున్నారు.

"ఏమన్నారో చెప్పు" అన్నాను.