గల్ఫ్‌లోని తెలుగు ఇళ్లకూ మనోవైద్యం అందించండి

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

దుబాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల తరఫున రాస్తున్నాను. ఇక్కడ జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలో అందరికీ తెలుసు. కానీ నిద్రపట్టక, ఊరికే ఏడుపొచ్చి, బతుకు మీద ఆశ సన్నగిల్లిన ఇల్లాలు ఎవరితో చెప్పుకోవాలి? ఇంగ్లిషులో గానీ అరబిక్‌లో గానీ ఆమె మనసు విప్పలేదు. సంగతి కంపెనీకి తెలిస్తే ఉద్యోగం, దాంతోపాటే వీసా పోతాయేమోనని భర్తకు భయం. ఊళ్లో మొదలుపెట్టిన మానసిక వైద్యపు మందుల్లో కొన్నింటిని ముందస్తు అనుమతి లేకుండా ఇక్కడికి తేకూడదు.

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ తెలుగులోనూ రాత్రింబగళ్లు పలుకుతుంది. అయితే దాని 14416 దేశం లోపలి వారి కోసం పెట్టిన నంబరు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం వెలుపలి సంప్రదింపులను తమ పరిధిలోకి తీసుకోలేదు.

ఆరోగ్య శాఖతో మాట్లాడి, విదేశాల నుంచి చేయగలిగే టెలీ మానస్ నంబరు ఇప్పించండి. ఆ మార్గదర్శకాల్లో ప్రవాసులకు చోటు కల్పించండి. దుబాయ్, రియాద్, జెడ్డాలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాల్లో తెలుగు వచ్చిన కౌన్సెలర్లను నియమించి, చెప్పుకున్న మాట బయటికి పొక్కదని హామీ ఇవ్వండి. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి అత్యవసర వైద్యానికి సాయపడుతోంది. మానసిక సంక్షోభమూ అందులోకే వస్తుందని స్పష్టంగా రాయించండి.

దిక్కులేని మృతదేహాన్ని సొంతూరికి చేర్చడానికి మన రాయబార కార్యాలయాలు సాయం చేస్తున్నాయి. ప్రాణం నిలిపే ఏర్పాటు అంతకంటే ముందే ఉండాలి.

భవదీయురాలు,
దుబాయ్‌లోని ఒక తెలుగు గృహిణి